కంటికి పూయని పసుపు

ఇవాళ పొద్దుటికి అత్తమ్మ మా పాపకు స్నానం చేయించడం మానేసి నాలుగు నెలలైంది. తన పసుపు వల్లే పాపకు ముప్పు వచ్చిందని అప్పటిదాకా ఆమె నమ్మకం. మా ఆయన నమ్మకమూ అదే. నిజం వేరని పొద్దుటిదాకా నాకొక్కదానికే తెలుసు.

పాప పుట్టాక, బీదర్‌లో మాకు చేదోడుగా ఎవరూ లేరని జహీరాబాద్ దగ్గరి ఊరి నుంచి అత్తమ్మ వచ్చింది. కాళ్ళు చాపి, పాపను వాటి మీద పడుకోబెట్టుకుని, నూనె, పిండి, పసుపు కలిపి రుద్ది నీళ్ళు పోసేది. పాప బంగారు బొమ్మలా మెరిసేది. అయిదో రోజు నేను పాప ముక్కు మీద వేలితో నొక్కి చూశాను. నొక్కినచోట పచ్చగా కనిపించింది. తడి దూదితో తుడిస్తే దూదికీ కాస్త పసుపు అంటింది. హమ్మయ్య, పసుపే అనుకున్నాను.

కానీ పాప కంట్లో తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉంది. కంటికి ఎవరూ పసుపు పూయరు. అది చూసి కూడా రెండు రోజులు ఊరుకున్నాను. ఆస్పత్రికి వెళితే పాపను నా నుంచి తీసుకుని వేరే గదిలో పెడతారని భయం. ఏడో రోజు పాప పాలు తాగడానికి కూడా లేవకపోతే ఆస్పత్రికి పరుగెత్తాం.

"పసుపు మాటున కామెర్లు కనబడలేదు, ఎవరు పూశారు?" అని డాక్టరమ్మ కన్నడంలో అడిగింది. నేను నోరు తెరవకముందే అత్తమ్మ చెయ్యెత్తింది. "నేనే పూసిన."

"ఎందుకు పూసినవే అమ్మా? ఈ కాలంల గూడనా?" అన్నాడు మా ఆయన.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

పాప కళ్ళకు గంతలు కట్టి నీలి లైటు కింద పడుకోబెట్టారు. ఇది నేను డిగ్రీ కాలేజీలో బోర్డు మీద బాణాలు గీసి చెప్పే పాఠమే. కామెర్ల పచ్చపదార్థం నీలి కాంతిని మింగుతుంది. అణువులో ఎలక్ట్రాన్లు పై స్థాయికి ఎగురుతాయి. ఆ శక్తి తట్టుకోలేక అణువు ఒకచోట మెలితిరుగుతుంది. లోపలికి ముడుచుకున్న భాగాలు బయటపడి నీటిని కలుపుకుంటాయి. కరగనిది కరిగి ఒంట్లోంచి పోతుంది. భయంలో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలని, ఇదంతా మా ఆయనకు వివరించాను.

పక్కనే కూర్చున్న అత్తమ్మ విన్నది. "ఇంత తెల్సిన పిల్ల ఇంట్ల ఉండంగ, నేనే ఆగం జేసిన," అంది.

అప్పుడు కూడా నేను చెప్పలేదు. మూడు రోజులకు పాప కోలుకుంది. ఇంటికి వచ్చాక అత్తమ్మ బాత్రూం గడప దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. నా చేతుల్లో పాప జారుతుంటే ఆమె చేతులు ముందుకు వచ్చి ఆగిపోయేవి.

ఇవాళ పొద్దున పాప తలకు పోస్తుంటే మళ్ళీ జారింది. "అత్తమ్మా, మీరే పోయండి," అన్నాను.

"నా చేతులెందుకు బిడ్డా, మళ్ళ ఏమన్న అయితే?"

"ఆ పచ్చదనం నేను రెండు రోజుల ముందే చూసిన. కండ్లల్ల గూడ చూసిన. చెప్పలే."

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. "మరి నా కొడుకు నన్నన్నప్పుడు?"

"అప్పుడు గూడ తెల్సు."

ఆమె తువ్వాలు నా భుజాన వేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పీట లాక్కుని కాళ్ళు చాపింది.

"పిల్లనియ్యి," అంది. నా మొహం చూడలేదు. "ఇయ్యాల వాడు రాంగనే వానికి గూడ నువ్వే చెప్పాలె."

సాయంత్రం ఆయన వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. అత్తమ్మ రెండుసార్లు నా వైపు చూసింది. నేను ఇంకా చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.