మాస్కుకి కొలతలు తీసిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ దర్జీ. గౌన్లు, చొక్కాలు, బడిపిల్లల యూనిఫారాలు, ఏదైనా సరే కుట్టి పారేస్తుంది. ముప్పై ఏడేళ్లుగా అదే గది, అదే మిషను. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడగల మనిషి. అలాంటి మనిషి ఆరు రోజులు నోరు విప్పలేదు. న్యుమోనియా ముదిరితే గొంతులో గొట్టం దింపి, ఊపిరి పీల్చే పని యంత్రానికి అప్పగించారు. ఆ ఆరు రోజులూ మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. పెదనాన్నయితే ఆసుపత్రి బెంచీ మీద ఆవిడ చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, వాటితోనే మాట్లాడుకున్నాడు.

ఏడో రోజు పొద్దున్న గొట్టం తీశారు. సిస్టరు బయటికొచ్చి, "ఒక్కరే రండి" అంది. పెదనాన్న నన్ను ముందుకు తోశాడు.

"నువ్వెళ్లవే. నేను ఏడ్చి దాన్ని భయపెడతాను."

లోపల పెద్దమ్మ పీక్కుపోయి ఉంది కానీ, కళ్లు మాత్రం చురుగ్గా తిరుగుతున్నాయి. బొంగురు గొంతుతో ఆవిడ అన్న మొదటి మాట:

"ఈ గౌను ఎవడు కుట్టాడే? భుజాలు జారిపోతున్నాయి."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ముక్కు చీదుకోవాల్సి వచ్చింది.

డాక్టరు మంచం పక్కకి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, గొట్టం తీశాం గానీ ఊపిరితిత్తులింకా పూర్తిగా తేరుకోలేదు. ఇవాళా రేపూ మధ్యమధ్యలో ఆపుతూ ఈ మాస్కు పెట్టుకోవాలి. యంత్రం గాలి తోస్తుంది, మీరు పీల్చుకుంటే చాలు. దీన్ని ఓర్చుకుంటే మళ్లీ గొట్టం వెయ్యాల్సిన అవసరం రాకపోవచ్చు."

మళ్లీ గొట్టం అనేసరికి పెద్దమ్మ గబగబా తలూపింది. ఊపినంత సులువుగా లేదు ఆ తర్వాతి పని. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి పట్టీలు బిగించగానే గాలి బుస్సున తోసుకొచ్చింది. ఆవిడ కళ్లు ఇంతింత చేసి అర నిమిషంలో దాన్ని పీకేసింది. యంత్రం కీచుమంది.

"తుఫానులో కిటికీలోంచి తల బయట పెట్టినట్టుందే తల్లీ!"

రెండోసారి గాలి పక్కనుంచి కళ్లలోకి కొట్టింది. మూడోసారి మాస్కు ఒక చెవికి వేలాడింది. తెర మీద ఆక్సిజన్ అంకె ఎనభయ్యారుకి దిగింది. డాక్టరు సిస్టరు వంక చూసి పెదవి విరిచాడు.

అప్పుడు పెద్దమ్మ చెయ్యి చాపి, "టేపు" అంది.

"ప్లాస్టరా అమ్మా?" అంది సిస్టరు.

"కాదమ్మా, కొలతల టేపు!"

పుండ్లు కొలిచే కాగితం స్కేలు ఒకటి దొరికింది. పెద్దమ్మ దాన్ని ముక్కు దూలం నుంచి కింది పెదవి కింద దాకా పెట్టించుకుంది. "ఇది నా సైజు కాదు. ఇక్కడ కుచ్చు పడుతోంది చూడు. పై పట్టీ చచ్చేట్టు లాగారు, కింద వదిలేశారు."

"మీడియం పెట్టామమ్మా."

"మీడియం అంటే ఎవరి మొహం?"

సిస్టరు ఫక్కున నవ్వింది. చిన్న సైజు తెచ్చి, గాలి జోరు తగ్గించి, మాస్కు ఆవిడ చేతికే ఇచ్చింది. "పట్టీలు తర్వాత కడదాం. ముందు మీరే పట్టుకోండి. వద్దనిపిస్తే తీసేయండి, నేనేమీ అనను."

పెద్దమ్మ కొత్త బట్ట నాణ్యం చూసే దానిలా దాన్ని మొహానికి ఆనించుకుంది. ఒక ఊపిరి. తీసింది. రెండు ఊపిర్లు. తీసింది. పది. ఇక తియ్యలేదు. కింది పట్టీ ముందు కట్టమని వేలితో చూపించి, పట్టీకీ చెంపకీ మధ్య రెండు వేళ్లు దూరేలా సరిచేయించుకుంది. సిస్టరు గాలి జోరు మెల్లగా పెంచింది. అంకె తొంభై ఒకటి. తొంభై మూడు! సిస్టరు చప్పట్లు కొట్టింది.

ఆవిడ ఊరుకుంటుందా? తలుపు అద్దంలోంచి తొంగి చూస్తున్న పెదనాన్నని చూసి మాస్కులోంచే మాట్లాడబోయింది. "బొబ్బొబ్బా?"

"పెదనాన్నా? తిన్నాడు పెద్దమ్మా."

"బుబ్బ బొబ్బొ!"

"షాపు తాళమా? చిలక్కొయ్యకుంది."

కాదని తల అడ్డంగా ఊపి, మరింత గట్టిగా చెప్పబోయేసరికి బుగ్గ పక్కనుంచి గాలి బుర్రుమని పెద్ద చప్పుడు చేసింది. ఎలాంటి చప్పుడో నేను రాయక్కర్లేదు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఊపిరో కాదో తెలియక యంత్రం గోల పెట్టింది. సిస్టరు గోడకి ఆనుకుని నవ్వింది, నేను మంచం కమ్మీ పట్టుకుని వంగిపోయాను. బయట ఆ గోల విని పెదనాన్న ఎవర్నీ అడక్కుండా చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందే? నొప్పా?"

పెద్దమ్మ నవ్వుతూనే ఆయన చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి, తప్పుగా పెట్టుకున్న గుండీ విప్పి సరిగ్గా పెట్టింది. అదన్నమాట ఇందాకటి నుంచీ ఆవిడ అడుగుతున్నది!

ఆ తర్వాత రెండు గంటలు మాస్కు, పావుగంట విరామం. మింగడం పరీక్షించాక చెంచాడు నీళ్లు. ముక్కు దూలం కందితే మెత్తటి దిండులాంటిది అంటించారు. నోరు ఎండిపోయేది, పొట్ట ఉబ్బేది, విసుక్కునేది, మళ్లీ పెట్టుకునేది. మర్నాడు సాయంత్రానికి ముక్కులో సన్నటి ఆక్సిజన్ గొట్టం ఒక్కటే మిగిలింది. గొంతులోకి మరి గొట్టం వెళ్లలేదు.

మూడో రోజున నాలుగో మంచం మీదికి ఒక లారీ డ్రైవరుగారొచ్చారు. ఆయనకీ గొట్టం తీశారు, ఆయనా మాస్కు విసిరికొట్టారు. సిస్టరు పెద్దమ్మని చక్రాల కుర్చీలో తీసుకెళ్లి ఆయన ముందు నిలిపింది.

"గాలితో కుస్తీ పట్టకండి అన్నయ్యగారూ. అది తోసినప్పుడు పీల్చండి, ఆగినప్పుడు వదలండి. ముందు మీ చేత్తో మీరే పట్టుకోండి" అంది పెద్దమ్మ.

ఆయన గుర్రుగా చూశారు, పట్టుకున్నారు, నలభై నిమిషాలు ఉంచుకున్నారు. విరామంలో సిస్టర్ని దగ్గరికి పిలిచి బొంగురుగా అడిగారు. "ఆవిడ ఏ డాక్టరు?"

"డాక్టరు కాదండీ, దర్జీ."

ఆయన పెద్దమ్మ మంచం వైపు తల తిప్పారు.

"నా ఖాకీ ప్యాంటు నడుము బిగుతైంది. వదులు చేస్తారేమో అడగండి."