నిండు పడవకు దారి

మా ముత్తాతగారిని ఈ ఊళ్ళో పడవల దొరగారు అనేవారు. విశాఖపట్నానికి ఇంకా హార్బరు తవ్వని రోజుల్లో ఓడలు ఒడ్డుకు రాలేక సముద్రంలోనే లంగరు వేసేవి. వాటి సరుకును కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చిన పడవల్లో చాలా భాగం ఆయనవే. ఆయన ఎదురుపడితే తెల్లదొరలు కూడా టోపీ తీసేవారని మా ఇంట్లో చెప్పుకునేవారు. మా తాతగారు, హార్బరు వచ్చి పడవలకు పని పోయాక కూడా, పడవల దొరగారి అబ్బాయిగానే బతికారు. అంటే ఏ పనీ చేయలేదు. మా నాన్నగారి కాలానికి మాకు మిగిలినవి పాత ఊళ్ళో ఒక ఇల్లు, నిటారుగా కూర్చునే అలవాటు. ఆ అలవాటు మాత్రం నాకు పూర్తిగా దక్కింది. నిన్న ఉదయం మద్దిలపాలెం కూడలిలో స్కూటరు మీద కూడా అలాగే కూర్చుని ఉన్నాను.

డిపో వైపు నుంచి జనంతో కిక్కిరిసిన సిటీ బస్సు ఒకటి మలుపు తిరుగుతోంది. నేను స్కూటరును ఎడమకు తీసి ఆగాను. వెనక నుంచి ఒక కుర్రవాడు మోటార్‌సైకిల్ హారన్ ఆపకుండా మోగిస్తూ వచ్చాడు. తల మీద ఉండాల్సిన హెల్మెట్ మోచేతికి వేలాడుతోంది. "ఏటాంటీ, ఊరేగింపుకేటి ఎల్తన్నారు? జరగండి!" అని, నాకూ బస్సుకీ మధ్య ఉన్న సందులోంచి దూరిపోయాడు. డ్రైవరు బ్రేకు తొక్కితే బస్సులో నిలబడ్డవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. నా నోటి నుంచి నాకు తెలియకుండానే ఒక మాట వచ్చింది: "నిండు పడవ." పక్కన ఉన్న ఆటో డ్రైవరు తల బయట పెట్టి, "ఏటమ్మా?" అన్నాడు. ఏం లేదన్నాను. కూడలి మధ్యలో ఆటో డ్రైవరుకు చెప్పగలిగినంత చిన్న విషయం కాదది. మా బాబాయి మోచేతికి వేలాడిన హెల్మెట్ దగ్గర మొదలుపెట్టాలి.

బాబాయి మా నాన్నగారి ఆఖరి తమ్ముడు. ఆరడుగుల మనిషి, మీసం ఉంది, కోపం లేదు. తొంభైల మధ్యలో కూర్మన్నపాలెం దగ్గర ఒక కాంట్రాక్టరు ఆఫీసులో పని చేసేవాడు. నేను దువ్వాడలో డిగ్రీ చదివేదాన్ని. పాత ఊరి నుంచి అంత దూరం వెళ్ళడానికి అందరికీ సిటీ బస్సులున్నాయి, నాకు లేవు. "మన ఇంటి ఆడపిల్ల బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడదు" అని నాన్నగారు ఒక్కమాటలో తేల్చేశారు. కారు కొనే రోజులు కావు, బస్సు ఎక్కడానికి మర్యాద ఒప్పదు. అందుచేత బాబాయి ఎర్ర మోటార్‌సైకిల్ వెనక సీటే నా కాలేజీకి దారి. ఆ బండి ఆగిన రోజు నా చదువూ ఆగుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. బాబాయికి కూడా తెలుసు. తెలిసి కూడా ఆయన బండిని రోడ్డు నడిమధ్యలోనే నడిపేవాడు.

దానికి ఆయన దగ్గర వంశకారణం ఉండేది. మా ముత్తాతగారికి రెండు గుర్రాల బండి ఉండేదట. అది మెయిన్ రోడ్డు మీద వస్తుంటే జనం అటూ ఇటూ తప్పుకునేవారు తప్ప, బండి ఏనాడూ పక్కకు జరగలేదట. ఆ గుర్రాలను బాబాయి చూడలేదు, బండినీ చూడలేదు. ఆయన చూసినదల్లా బండికి కట్టిన ఇత్తడి గంటే. మిగతావన్నీ పోగా అదొక్కటీ అటక మీద మిగిలింది. దాన్ని దించి, చింతపండుతో తోమి, మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కు బిగించాడు. లారీ ఎదురైతే హారన్ కాకుండా ఆ గంట కొట్టేవాడు. లారీల మోతలో దాని చప్పుడు వెనక కూర్చున్న నాకే వినిపించేది కాదు.

హెల్మెట్ గురించీ ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. మా వంశంలో మగవాడి తల మీద జరీ తలపాగా తప్ప మరొకటి కూర్చోదు. అయితే స్టీల్‌ప్లాంటు గేటు దగ్గర కాపలావాళ్ళకు వంశాలు పట్టవు, హెల్మెట్ లేనిదే లోపలికి పోనివ్వరు. ఆఫీసు పని మీద అటు వెళ్ళాల్సినప్పుడు గేటు కనిపించాక మోచేతి నుంచి తీసి తలకు పెట్టుకునేవాడు, గేటు దాటి బయటికి రాగానే మళ్ళీ మోచేతికి. ఆ రోజుల్లో ఊళ్ళో సగం మంది అలాగే తిరిగేవారు. కాబట్టి ఇది ఒక్క మా వంశపు గొప్పతనమే అనలేను.

ఆ ప్రయాణాలు ఇప్పటికీ ముక్కుకు గుర్తున్నాయి. కాన్వెంట్ జంక్షన్ దగ్గర బొగ్గు పొడి, ఫిషింగ్ హార్బరు నుంచి గంపలతో వచ్చే ఆడవాళ్ళ చుట్టూ చేపల వాసన, ఓడలు కట్టే సింధియా దాటాక నూనె, తడి తుప్పు. నేను ఒకవైపుకు కూర్చుని, చున్నీని చక్రంలో పడకుండా నడుముకు ముడి వేసుకుని, వీపు నిలువుగా పెట్టేదాన్ని. బాబాయి బస్సులతో పందెం వేసేవాడు. షిఫ్టు వదిలిన జనం సైకిళ్ళ మీద రోడ్డు నిండా వస్తుంటే వాళ్ళ మధ్యలోంచి పాములా వంకర్లు తిరిగేవాడు. "బాబాయ్, మెల్లగా" అంటే, "మనం మెల్లగా ఎల్తే రోడ్డుకే అవమానమే అమ్మా" అనేవాడు. చాలా మంచి మనిషి. దారిలో నాకు జీడిపప్పు పాకం కొనకుండా ఏ సాయంత్రమూ ఇంటికి తీసుకురాలేదు.

వాన వెలిసిన ఒక ఉదయం మల్కాపురం దగ్గర అది జరిగింది. ముందు ఒక బస్సు పోతోంది. దాన్ని దాటడానికి బాబాయి రోడ్డు మధ్యకు వచ్చాడు. ఎదురుగా బొగ్గు లారీ, దాని దారిలో అది వస్తోంది. వెనక్కి తగ్గడానికి చోటుంది, సమయం కూడా ఉంది. బాబాయి తగ్గలేదు, గంట కొట్టాడు. లారీ బ్రేకులు అరిచాయి కానీ లారీ ఆగలేదు. తడి రోడ్డు మీద అంత బరువూ మా మీదికి జారుతూ వచ్చింది. ఆఖరి క్షణంలో బాబాయి బండిని కుడివైపు మట్టిలోకి తిప్పాడు. నేను కంకర మీద మోకాళ్ళతో పడ్డాను. ఆయన భుజం మీద పడి, తల రాతికి కొట్టుకుని, అలాగే ఉండిపోయాడు.

లారీ కొంత దూరం వెళ్ళి నిలబడింది. డ్రైవరు దిగి పరిగెత్తుకొచ్చాడు. ముందు నన్ను లేపి, తరవాత బాబాయి పక్కన కూలబడ్డాడు.

"ఏటి బావా, సచ్చిపోదావనేటి? లోడు బండి బాబూ, తొక్కితే ఆగిపోద్దేటి? ఈ రోడ్డేటి మీ తాతదనుకున్నావా?"

బాబాయి ఒక కన్ను తెరిచాడు. "మా తాతదే" అన్నాడు. అని స్పృహ తప్పాడు.

ఆ మాట తలుచుకుని తరవాత ఎన్నోసార్లు నవ్వుకున్నాం. అప్పుడు మాత్రం ఆయన కనుబొమ్మ మీంచి రక్తం చెవిలోకి కారుతుంటే, నేను చున్నీ విప్పి అదిమిపట్టి, ఆయన మళ్ళీ ఏదైనా మాట్లాడితే చాలని చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రికి చేరేదాకా మాట్లాడలేదు. చేరాక నర్సును మంచినీళ్ళు అడిగాడు. భుజం దగ్గర ఎముక విరిగింది, నుదుటికి కుట్లు పడ్డాయి. హెల్మెట్ తగిలించుకున్న మోచేతికి మాత్రం గీత కూడా పడలేదు.

ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం ముందు గదిలో అందరం చేరాం. బాబాయి చేయి కట్టుతో మెడకు వేలాడుతోంది. నాన్నగారు నిలబడే తీర్పు చెప్పారు: బండి అమ్మేయాలి, నా కాలేజీ ఇక చాలు. మా ఇంట్లో ఆడపిల్లలు ఏడ్చి సాధించుకోరు. కానీ నాకు పరీక్షలు దగ్గర పడ్డాయి. పుస్తకాల సంచి అక్కడే గోడకు ఆనించి ఉంది. నేను దాన్నే చూస్తున్నాను.

"అన్నయ్యా, పడితే పడ్డాను, తప్పుకోలేదు కదా. తాత బండి ఏనాడన్నా తప్పుకుందేటి?" అన్నాడు బాబాయి.

కిటికీ పక్కన కుర్చీలో ఉన్న మా నాయనమ్మ అప్పుడు నోరు తెరిచింది. పడవల దొరగారి కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టిన మనిషి, ఆ గుర్రపు బండిలో కూర్చున్నవాళ్ళలో మిగిలిన ఒకే ఒక్క మనిషి. మా అందరి నిటారుతనం ఆమెను చూసి నేర్చుకున్నదే.

"ఆ లారీలో ఏటుందే?" అని నన్ను అడిగింది.

"బొగ్గు, నాయనమ్మా."

"నిండుగానా?"

"నిండుగానే."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు తప్పుకోలేదురా?"

"మన తాత..."

"మీ తాత బండి నువ్వు సూసావేటి? నాను కూకున్నాను అందులో. గుర్రాలు నడిసేవిరా, పరిగెట్టేవి కావు. ఒకసారి బండోడు పరిగెట్టిత్తే మా మావగారు ఆణ్ణి అక్కడే దింపేసి, పగ్గాలు తనే పట్టుకుని ఇంటికొచ్చీసినారు. ఇక తప్పుకోడమంటావా, మూట నెత్తినెట్టుకున్న కూలోడు ఎదురైనా బండి పక్కకి తీయించీవోరు. ఎందుకో తెలుసేటి?"

బాబాయికి తెలియదు. మాలో ఎవరికీ తెలియదు.

"పడవలోళ్ళ పద్ధతి. నిండు పడవకి ఖాళీ పడవ దారివ్వాల. సరుకున్నది సట్టున తిరగలేదు, ఆగలేదు. ఖాళీది తిరగ్గలదు. తిరగ్గలిగినోడే తప్పుకోవాల. నీళ్ళ మీద ఈ పద్ధతి తప్పినోడికి మీ తాత మళ్ళీ తెడ్డు ఇవ్వనేదు. ఆయన మనవడివి, ఖాళీ పడవేసుకుని నిండు పడవకి అడ్డమెల్తావా?" బల్ల మీద ఉన్న హెల్మెట్‌ను చూపించింది. "తలపాగా మోసేతికి తగిలించుకుని తిరిగినాడేటి మీ తాత? ముడి బిగించుకోకుండా గడప దాటీవోడు కాదు."

బాబాయి తల దించుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తరవాత ఆమె నాన్నగారితో అంది: "బండి అమ్మొద్దు. ఆడికి సెయ్యి బాగయ్యేదాకా పిల్ల బస్సులో ఎల్తది. కడ్డీ అట్టుకుంటే సెయ్యేటి అరిగిపోద్దా?"

నాన్నగారు కూర్చున్నారు. వాళ్ళమ్మకు ఎదురుచెప్పే అలవాటు ఆయనకు లేదు. పరీక్షల దాకా నేను సిటీ బస్సులో, కడ్డీ పట్టుకుని, నిటారుగానే వెళ్ళాను. నిలబడి ఉంటే నిటారుగా ఉండడం ఇంకా సులువు.

చేయి నయమయ్యాక బాబాయి మళ్ళీ బండి తీశాడు. హెల్మెట్ తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, అద్దంలో చూసుకుని గడప దాటేవాడు. నాకూ ఒకటి కొన్నాడు. రోడ్డుకు ఎడమన, రెండు గుర్రాలు నడిచినంత ఠీవిగా నడిపేవాడు. లారీ కనిపిస్తే చాలు, "నిండు పడవ" అని గట్టిగా ప్రకటించి దారి ఇచ్చేవాడు. నీళ్ళ ట్యాంకరూ, స్కూలు రిక్షా, నెత్తిన చేపల గంప ఉన్న మనిషీ, అన్నీ ఆయనకు నిండు పడవలే. ఒకసారి గాజువాకలో ఆఫీసు స్నేహితుడొకడు పక్కకు వచ్చి, "ఏటి బావా, స్పీడు తగ్గిపోనాది? ముసిలోడివైపోనావేటి?" అని ఎగతాళి చేశాడు. బాబాయి వీపు ఇంకాస్త నిలబెట్టి, "తొందరేటి బావా, మాకు? పడవల దొరగారి మనవణ్ణి" అన్నాడు. వెనకటి గర్వమే, దిక్కు మాత్రం మార్చుకుంది. డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ వెనక సీటు మీద నాకు మళ్ళీ ఒక్క గీత కూడా పడలేదు.

నేను బండి నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. కాబట్టి ఊరేగింపుకు వెళ్తున్నానని ఎవరైనా అంటే నాకు చిన్నతనంగా అనిపించదు. పడవలు పోయిన చాలా ఏళ్ళకు పడవల పద్ధతి మా ఇంటి మనిషిని తారు రోడ్డు మీద కాపాడింది. కాలం మా దగ్గర తీసుకోగలిగినవన్నీ తీసుకుంది, పద్ధతిని తీసుకుపోవడం దానికి చేతకాలేదు. పాత ఊళ్ళో ఇల్లు రెండువేల మొదట్లో అమ్మేశాం. ఆ ఏడాదే ఎర్ర మోటార్‌సైకిల్ కూడా, ఇత్తడి గంటతో సహా.