పడుగులు సాచిన తావు

మొన్న వైశాఖంలో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి ఊరికి పోయినప్పుడు, కల్యాణ మండపం వెనకాల వంటవాళ్లు పెద్ద గుండిగల్లోంచి గంజి వార్చి బండల మీద పారబోశారు. ఎండకు కాలిన రాతి మీద వేడి గంజి పడి లేచిన ఆ కమ్మటి, కొంచెం పులిసిన వాసనకు నేను చేతిలో కాఫీ గ్లాసుతో అక్కడే ఆగిపోయాను. బండల చివర, మోరీ పక్కన, గుంజలా నాటి సగం పూడిపోయిన రాతి కూసం ఒకటి కనబడింది. దాని మెడ చుట్టూ తాడు రాసుకుని రాసుకుని పడిన గాడి. ఇప్పుడు దానికి అరిటాకుల కట్ట వేలాడుతోంది. ఆ రాయిని నాటిన రోజున నేను అక్కడే ఉన్నాను. నాటిన ఖర్చు ఊరిది. నాటమని పంచాయితీకి అర్జీ రాసిన చెయ్యి నాది. మరి పెళ్లికి మేం చెల్లించిన మండపం అద్దె మాత్రం ఊరికి పోలేదు. అది ఎవరి పెట్టెలోకి పోయిందో, ఎందుకు పోయిందో చెప్పాలంటే అరవై ఏళ్ల కిందటి సంగతి చెప్పాలి.

ధర్మవరం నుంచి పెనుకొండ వైపు పోయే దారిలో ఉంటుంది మా ఊరు. పేరు రాయను, ఆ మనుషుల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. నా చిన్నతనంలో మా వీధిలో ప్రతి ఇంటా గుంట మగ్గం ఉండేది. యాభైలు ముగిసి అరవైలు మొదలయ్యే ఆ కాలంలో మాకు పొద్దు పొడిచేది కోడికూతతో కాదు, మగ్గం చప్పుడుతో. అమ్మ పట్టుపోగు కండెలకు చుట్టేది, నాయన నేసేవాడు. పట్టు ధర్మవరంలో కొనుక్కొచ్చి, చీర అంచుకు ఏ రంగు, కొంగుకు ఏ రంగు అన్నది నాయన తనే ఎంచుకునేవాడు. వక్కపొడి రంగు ఒంటికి చిలకపచ్చ అంచు వేసి, దాన్ని గుమ్మం వెలుతురులో పట్టుకుని, తల పక్కకు వాల్చి చూసుకునే నాయన ముఖం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. అంత సంతోషం ఆయన ముఖంలో మరెప్పుడూ చూడలేదు.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే చీర నిలువు పోగులను, ఆరుబయట బారుగా సాచాలి. మూడు చీరల పడుగు అంటే ఇరవై గజాల దాకా ఉంటుంది. రెండు కొసలా కూసాలకు కట్టి, మధ్యలో వెదురు పుల్లలు దోపి, తెగిన పోగులు అతికి, కుంచెతో పల్చటి గంజి పట్టి, అది ఆరేలోగా పోగూ పోగూ విడదీయాలి. ఇది ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు, పది మంది కావాలి. అందుకే ముందురోజు సాయంత్రం ఇంటి పిల్లలు వీధంతా తిరిగి, "రేప్పొద్దున మా పడుగు, రాండప్పా" అని ప్రతి గడపలో చెప్పి రావాలి. వచ్చినవాళ్లకు కూలి ఉండదు. కలిగిన రోజుల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి; లేని రోజుల్లో బొరుగులు, బెల్లం కాఫీ. ఇవాళ మన పడుగుకు వాళ్లు, రేపు వాళ్ల పడుగుకు మనం.

సాచేది ఊరి చివర చింతతోపులో. అక్కడ నీడ ఉంటుంది, గంజి ఒక్కసారిగా ఎండి పోగు పెళుసెక్కదు. చలికాలంలో తెల్లవారుజామున రాలిన చింతాకు పోగేసి మంట వేసుకుని, వేళ్లు కాచుకుని పనిలోకి దిగేవారు. ఎండాకాలంలో సూర్యుడు పైకెక్కేలోగా ముగించేవారు. ఆషాఢం వస్తే మా సీమ గాలి సంగతి తెలిసిందే, పడుగు తెరచాపలా ఊగేది. ఇరువైపులా మనుషులు నిలబడి పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకునేవారు. గంజి మా అవ్వ చేతిదే కావాలి అందరికీ. ఆమె ఒక చుక్క బొటనవేలి గోటి మీద వేసుకుని, వంచి, అది జారే తీరు చూసి, "ఇంకొంచెం నీళ్లు పోయండే, ఇది పడుగుకా, గోడకు సున్నమా?" అని కోడళ్లను కసిరేది. పిల్లలం మేం సాచిన పడుగు కింద, తల తగలకుండా, ఆ కొస నుంచి ఈ కొసకు పాకేవాళ్లం. ఎవరి జుట్టు తగిలి పోగు తెగినా వాళ్లు చెవులు పట్టుకుని నిలబడాలి, అవ్వ వేళ్లకు బూడిద రాసుకుని ఆ పోగు అతికేదాకా. కింద పడుకుని పైకి చూస్తే చింతాకుల సందుల్లోంచి దిగిన వెలుతురు పట్టుపోగుల మీద నీళ్లలా పారేది. ఉగాది ఓలిగలకన్నా నాకు ఆ పొద్దులే ఎక్కువ పండుగ.

ఐదో తరగతితో నన్ను బడి మాన్పించారు. కానీ చావిడి పక్కన పెంకుటింట్లో గ్రంథాలయం ఉండేది. బడి అయ్యవారే సాయంత్రం పూట దాన్ని తెరిచేవారు. మొదట మెట్టు మీద కూర్చున్నాను, తర్వాత గడప లోపల, ఆ తర్వాత బీరువా ముందు. ఏది చదవాలో చెప్పేవాళ్లు లేక మొదటి బీరువా ఎడమ చివర నుంచి వరసగా మొదలుపెట్టాను. కథలతోపాటు పాడిపశువుల పెంపకం, కొబ్బరిచెట్ల తెగుళ్లు కూడా చదివాను; మా ఊళ్లో ఒక్క కొబ్బరిచెట్టు లేదు. ఇవాళ నాకున్న నాలుగు ముక్కల తెలివీ ఆ రెండు బీరువాలు పెట్టిన భిక్ష, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నాకు పన్నెండేళ్లప్పుడు, తోపులో మట్టి తవ్వుకుపోయేవాళ్ల వల్ల గుంటలు పడి, మేకలు అడ్డం తిరిగి, పడుగు సాచడం కష్టమైంది. నేల చదును చేయించి, నాలుగు జతల రాతి కూసాలు నాటించి, మేకలు రాకుండా గోడ, గంజికి నీళ్లతొట్టి కట్టించమని పంచాయితీని అడుగుదామని పెద్దలు అనుకున్నారు. అర్జీ ఎవరు రాయాలన్న మాట వచ్చినప్పుడు పక్కింటి నాగప్ప మామ నా వైపు చూపించి నవ్వాడు.

"రైటరుకు దుడ్లు ఇచ్చేదానికి పెనుకొండకు పోవల్లనా? కొబ్బరిచెట్లకు మందు చెప్పే రైటరు మన వీధిలోనే ఉండాది కదప్పా!"

నాలుగుసార్లు చించి అయిదోసారి రాశాను. 'మహారాజరాజశ్రీ' అని మొదలుపెట్టి, పుస్తకాల్లో ఏరుకున్న పెద్ద మాటలన్నీ కూర్చి, 'తరతరాలుగా మాదైన చింతతోపు' అని రాసి, అయ్యవారికి చూపించాను. ఆయన రెండుచోట్ల వాక్యం సరిచేసి వీపు తట్టారు. నలభై మంది సంతకాలో వేలిముద్రలో వేశారు. ఆ నేల ఎవరిది అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఊళ్లో పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారి మనుషులు ఏటా వచ్చి ఆ చెట్ల చింతకాయ దులిపించి బండ్లకెత్తుకుని పోవడం మేమంతా చూస్తూనే ఉన్నాం. అయినా కాయలు ఆయనవి, నేల అందరిదీ అనుకున్నాం. వాడుకుంటున్న నేలకు కాగితం ఒకటి ఉంటుందని మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు తోచలేదు.

మాకు తోచలేదు సరే, పంచాయితీకి తెలియదా? ప్రెసిడెంటుకు తెలుసు, షావుకారికి తెలుసు. అయినా పనులు జరిగాయి. ఊరి పన్నుల డబ్బుతో గుంటలు పూడ్చారు, కూసాలు నాటారు, మనిషెత్తు గోడ కట్టారు, ఇనుప గేటు పెట్టారు, తొట్టి కట్టారు. ప్రారంభం నాడు షావుకారే కొబ్బరికాయ కొట్టి అందరికీ బెల్లపు పొంగలి పంచాడు. ఆ పొంగలి నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. నా అర్జీ వల్లే కదా ఇదంతా అని మురిసిపోతూ తిన్నాను.

రెండు నెలలు గడిచాయో లేదో, ఒక తెల్లవారుజామున మేం పోయేసరికి గేటుకు తాళం. నాయన భుజాన పడుగు, అవ్వ చంకలో గంజికుండ, వెనకాల పిలిచిన పది మంది. లోపల షావుకారి గుమాస్తా పళ్లు తోముకుంటున్నాడు.

"ఏమప్పా, తాళమెందుకు వేసినారు?" అన్నాడు నాయన.

"మా పట్టు నేసేవాళ్లకే తీయమన్నాడు షావుకారు. మీరు ధర్మవరం పట్టు కదా నేసేది? యాడైనా చూసుకోండి."

"గోడ కట్టింది పంచాయితీ కదబ్బా!" అని నాగప్ప మామ గట్టిగా అరిచాడు.

"గోడ పంచాయితీదే. ఎవరు కాదన్నారు? నేల మాది. గోడ కావాలంటే ఎత్తుకొని పోండి."

అవ్వ కుండ దించి, వేడి గంజినంతా ఆ గేటు ముందు బండ మీద గుమ్మరించి, వట్టి కుండ చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. మొన్న మండపం వెనకాల నన్ను ఆపింది ఆ వాసనే.

ప్రెసిడెంటు దగ్గరికి పోతే ఆయన నవ్వుతూ కుర్చీ వేయించాడు. "ఆయన స్థలం ఇచ్చినాడు, మనం బాగు చేసినాం. ఊరికి మంచి జరిగిందా, లేదా?"

"ఇచ్చినట్టు కాగితం ఉండాదా?" అన్నాడు నాయన.

"పెద్దమనిషి నోటిమాట ఇచ్చినాక కాగితం అడుగుతారా ఎవరైనా? ఏం మాటలప్పా అవి!"

ఇచ్చిన స్థలానికి ఆయన తాళం ఎట్లా వేస్తాడని నాయన అడిగేసరికి ప్రెసిడెంటు లేచి చెప్పులు వేసుకున్నాడు. నేను ఆ సాయంత్రమే గ్రంథాలయానికి పోయి రెండో బీరువా అడుగు అరలోంచి పంచాయితీల పాలన గురించిన లావు పుస్తకం తీశాను. సగం మాటలు అర్థం కాలేదు, అయ్యవారిని అడిగాను. నాకు అర్థమైనంతలో విషయం ఇది: ఊరి డబ్బు పెట్టాలంటే ఆ స్థలం ముందు ఊరి పేరున రాసివ్వాలి, లేకపోతే అది ఒకడి ఆస్తికి ఊరంతా చేసిన కూలి. ఈ సంగతి పుస్తకంలో ఉంది, పంచాయితీ ఆఫీసులోనూ అదే పుస్తకం ఉంది. తెలియక చేసిన తప్పు మాది. తెలిసి చేసింది వాళ్లు.

రెండో అర్జీ తాలూకాకు రాశాను. "నీ చేతిరాత ఊళ్లో అందరికీ తెలుసు పాపా, ఆలోచించుకో" అన్నారు అయ్యవారు. నలభై మంది సంతకాలు పెట్టిన వీధిలో ఈసారి ముగ్గురే పెట్టారు: నాయన, నాగప్ప మామ, వేలిముద్రతో అవ్వ. మిగిలినవాళ్లు అప్పటికే షావుకారి పట్టు తెచ్చుకుని గేటు లోపలికి పోతున్నారు. వాళ్లను నేను తప్పు పట్టలేను, పిల్లలున్నారు. తాలూకా నుంచి ఒక అధికారి వచ్చాడు. షావుకారి అరుగు మీద కాఫీ తాగాడు. తోపుకు వచ్చి టేపుతో గోడ మందం కొలిచి, పని బాగా జరిగిందని రాసుకుని బస్సెక్కాడు. నేల ఎవరిదని ఆయనా అడగలేదు!

ఏడాదిన్నర పాటు నాయన కంకర రోడ్డు మీద పడుగు సాచాడు. బస్సు హారను మోగగానే కూసాలు ఊడబెరికి, అది పోయాక మళ్లీ నాటాలి. వీధిలో పిలిస్తే వచ్చే చేతులు లేవు. షావుకారి పట్టు నేయనివాళ్ల పడుగుకు పోతే గేటు తీయబోమని గుమాస్తా చెప్పి పెట్టాడు. పిలవడానికి పోతే లోపలి నుంచే "జరం తగిలింది పాపా" అనేవారు. చివరికి ఒక ఆషాఢం పొద్దున గాలికి పడుగు ఎగిరిన క్షణంలోనే మేకల మంద అడ్డం పడింది. అమ్మ, అవ్వ, నాగప్ప మామ, నేను మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చుని పోగులు అతికాం. సగం పడుగు దక్కలేదు. దక్కిన సగాన్ని నాయన చుట్టుకుని ఇంటికి నడిచాడు.

మరుసటి వారం ఆయన షావుకారి పట్టు తెచ్చాడు. అంచు రంగు, ఒంటి రంగు గుమాస్తా చీటీ మీద రాసిచ్చాడు. పడుగు భుజాన వేసుకుని గేటు వైపు పోతూ, వెంట బయల్దేరిన నన్ను చూసి, "నువ్వు రావద్దులే పాపా" అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన ఏ చీరనూ గుమ్మం వెలుతురులో పట్టుకుని చూసుకోలేదు. నాయన చేతుల్లోంచి పోయిన ఆ రంగులకు గోడ మందం కొలిచినవాడు ఏం లెక్క చెబుతాడు?

ఇప్పుడు చింతచెట్లు ఒక్కటీ లేవు. పడుగులు ఎక్కడో తయారై వస్తున్నాయి, ఆరుబయట సాచే పనే లేదు. 'రేప్పొద్దున మా పడుగు' అంటే అర్థమయ్యే పిల్లలు లేరు. షావుకారి మనవడు తోపును కల్యాణ మండపం చేశాడు. ఆ గోడ ఆ గోడే, పైన సున్నం కొత్తది. గేటు దాకా, గేటు లోపల కార్లు నిలిపే చోటు దాకా సిమెంటు రోడ్డు, వరసగా దీపాలు. ఎవరు వేయించారని మండపం మేనేజరును అడిగాను.

"పంచాయితీ వేసిందవ్వా. జనానికే కదా మంచిది!"

"లోపలి నేల ఎవరిది నాయనా?"

"మా సారుది. ఎందుకడుగుతాండావు?"

పెళ్లి భోజనం చేయకుండా చెల్లెలి ఇంటికి వచ్చి కాగితం తీసుకున్నాను. ఈసారి పెద్ద మాటలేవీ పెట్టలేదు. మొదటి వాక్యంలోనే, మండపం లోపల రోడ్డు వేసిన నేల ఎవరి పేరున ఉందో కాగితం చూపించమని పంచాయితీని అడిగాను. అది పట్టుకుని రెండు రోజులు వీధంతా, ప్రతి గడపా ఎక్కాను. కొందరు నవ్వారు, కొందరు జరమన్నారు. నాగప్ప మామ మనవరాలు కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, పెన్ను అడిగింది. అట్లా తొమ్మిది సంతకాలు వచ్చాయి. కింద నాది పెట్టాను. పది.