వెళ్ళొస్తానన్న వాళ్ళకే భోజనం

ఆ చలికాలం ఒక ఆదివారం పొద్దున మంచు ఎత్తడానికి పార తీసుకుని గుమ్మం దిగుతూ మా ఆయన ప్రభాకర్ "వెళ్ళొస్తా, టీ పెట్టు" అన్నారు. టీ మరగకముందే డ్రైవ్‌వేలో పడిపోయారు. చిన్న వయసులోనే గుండెపోటు. న్యూజెర్సీలో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్ళారు కాబట్టి ఎవరు ఏం చేస్తున్నారో నాకు అర్థమైంది, అర్థమైనందుకే భయం రెట్టింపైంది. దేవుడి దయ, ప్రాణం దక్కింది. మా తెలుగు ప్రార్థన గుంపులో ఆయన కోసం మోకరించని వాళ్ళు లేరు. వసంతం వచ్చేసరికి కార్డియాలజిస్ట్ ఆయన్ని ట్రెడ్‌మిల్ ఎక్కించి చూసి, "అంతా బావుంది. నడవండి, ఈదండి, ఆఫీస్‌కి వెళ్ళండి" అన్నాడు. గుండె విన్నది గానీ మనిషి వినలేదు. మెట్టెక్కితే నాడి, మెట్టు దిగితే నాడి. ఎడమచేతి గడియారం వంక చూస్తూ మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. ఇంకో సంగతి కూడా గమనించాను. బయటికి వెళ్ళేటప్పుడు "వెళ్తున్నా" అనడం మొదలుపెట్టారు. మన ఇళ్ళలో మాటలు రాని పిల్లలకి కూడా నేర్పే మర్యాద కదా, "వెళ్తున్నా" అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలి. ఓసారి ఉండబట్టలేక అడిగాను.

"వస్తానో రానో నాకేం తెలుసు సుగుణా? ఒకసారి అని చూశాను కదా" అన్నారు.

అదీ మా ప్రయాణానికి మూలం. నాతో పనిచేసే ఎలెనీ అనే గ్రీకు నర్సు ఈ మాట విని, "మా పిన్ని తీలోస్ దీవిలో గదులు అద్దెకిస్తుంది. అక్కడ ఫోన్ మోగదు, మంచు పడదు. పట్టుకుపో" అంది. మ్యాపులో చూస్తే తీలోస్ నువ్వుగింజంత ఉంది, గ్రీసు దేశానిదే గానీ టర్కీ ఒడ్డుకే దగ్గర. మీలో ఎవరైనా వచ్చే వేసవికి అటు వెళ్ళాలనుకుంటే దారి ఇది: న్యూయార్క్‌లో రాత్రి విమానమెక్కితే మర్నాడు ఏథెన్స్, అక్కడినుంచి చిన్న విమానంలో రోడ్స్ దీవి, అక్కడినుంచి ఓడ. ఓడ రోజూ ఉండదు, వారానికి రెండు మూడుసార్లే, అదీ గాలి ఒప్పుకుంటే. మేం రోడ్స్‌లో ఒక రాత్రి ఆగి మధ్యాహ్నం ఓడ ఎక్కాం. డెక్ టికెట్ చవక, న్యూజెర్సీలో ఇద్దరం పీజా తిన్నంత ఖర్చు. లోపల కూర్చుంటే సిగరెట్ పొగ, బయట కూర్చుంటే గాలి. గాలే నయం. పొద్దు వాలే వేళకి రాతికొండల మధ్య తెల్లటి ఊరు కనిపించింది. దాని పేరు లివాడియా. రేవూ అక్కడే, సముద్రపు ఒడ్డూ అక్కడే, మా గదీ అక్కడే.

ఎలెనీ పిన్ని పేరు పోపి. పెద్దావిడ కాబట్టి అందరిలాగే మేమూ కిరియా పోపి అన్నాం, మనం అమ్మగారు అన్నట్టు. ఆ వంటింట్లో ఆవాలు గానీ ఎండుమిర్చి గానీ లేవు. పోపు ఎరుగని పోపి అని మా ఆయన చెవిలో అన్నాను. ఆయన నవ్వలేదు, చెయ్యి మణికట్టు మీదే ఉంది. ఆవిడ యౌవనమంతా న్యూయార్క్‌లో డైనర్ అనే చిన్న హోటల్ వంటింట్లో పనిచేసి, భర్త పోయాక తిరిగొచ్చేసింది. అందుకని ఇంగ్లీష్ వచ్చు, కాకపోతే ఆర్డర్ కేకేసినట్టు మాట్లాడుతుంది. మా గది మేడ మీద. తెల్లటి గోడలు, నీలం తలుపు, కిటికీ తీస్తే సముద్రం. అద్దెలో మధ్యాహ్నం భోజనం కూడా కలిపే ఉంది. డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడని ఆవకాయ సీసా ఇంట్లో వదిలేసి ఇంత దూరం వస్తే, ఇక్కడ చుట్టూ ఉప్పే.

మర్నాడు పొద్దున దీవికి అవతలి పక్కనున్న ఎరిస్టోస్ అనే ఇసుక తీరానికి బయల్దేరాం. గుమ్మం దాటుతూ అలవాటు కొద్దీ పోపిగారితో "వియ్ విల్ గో అండ్ కమ్" అన్నాను. ఆవిడ "ఓకే, ఓకే" అని తల ఊపింది. మా ఆయన ఏమీ అనలేదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక వ్యాన్‌ని స్టావ్రోస్ అనే అతను నడుపుతాడు. దిగేటప్పుడు చేతులతో సైగ చేసి, మధ్యాహ్నం మా కోసం వస్తావా అని అడిగాను.

"నే, నే" అన్నాడతను.

"రాడంట" అన్నాను మా ఆయనతో.

"నో అనే కదా అన్నాడు. సర్లే" అన్నారాయన.

గ్రీకులో 'నే' అంటే అవునని మాకు ఎవరు చెప్పారు? మధ్యాహ్నం అతను రోడ్డు మీద హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయాడట. మేం అక్కడున్న చిన్న హోటల్లో రొట్టె, జున్ను తిని, మన సరుగుడుకి దూరపు చుట్టాల్లాంటి చెట్ల కింద పడుకున్నాం. ఆ తీరం గురించి ఎంత చెప్పినా తక్కువే. మన బంగాళాఖాతం మనిషిని చూస్తే తోసి పడేస్తుంది. ఈ సముద్రం చెరువులా నిలబడి, నడుం లోతులో కూడా కాలివేళ్ళు చూపిస్తుంది. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మోకాళ్ళ దాకా దిగాను. నర్సాపురం కాలవల్లో ఈది పెరిగిన మనిషి మాత్రం ఒడ్డున బూట్లతో కూర్చుని గడియారం చూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి ఇదా అనిపించింది. సాయంత్రం స్టావ్రోసే మళ్ళీ వెతుక్కుంటూ వచ్చి మమ్మల్ని వ్యాన్ ఎక్కించాడు.

ఇంటికొచ్చేసరికి వరండాలో బల్ల మీద బట్ట కప్పిన రెండు కంచాలున్నాయి. పక్కనే పోపిగారు, ముఖం గంటు పెట్టుకుని.

"కమ్ అన్నావు. బీన్స్ వండాను. చేప కాల్చాను. ఐ వెయిట్, ఐ వెయిట్!"

తప్పు తెలిసి చెంపలేసుకున్నంత పని చేశాను. మా భాషలో అది సెలవు తీసుకునే మాట అని, 'వెళ్తున్నా' అనడం అశుభమని, అందుకే ఎంత దూరం పోయే వాళ్ళయినా 'వెళ్ళి వస్తాను' అనే అంటారని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని మా ఆయన వైపు తిరిగింది.

"మరి నువ్వేమంటావు? నీ నోట వినలేదే."

"నేను ఐయామ్ గోయింగ్ అంటానండీ" అన్నారాయన.

"అంటే ఆవిడ వస్తుంది, నువ్వు రావా?"

ఆయన కంచం దగ్గరికి లాక్కుని చల్లారిపోయిన బీన్స్ తిన్నారు. టమాటాలో, ఆలివ్ నూనెలో మగ్గిన లేత బీన్స్ అవి. నూనె చూసి నేను గుండెలు బాదుకున్నాను గానీ, ఆయన చాలా నెలల తర్వాత కంచం ఖాళీ చేయడం చూశాను. పోపిగారు కంచాలు తీస్తూ తన రూల్ చెప్పింది. ఈ ఇంట్లో ఇకనుంచి కమ్ అన్న వాళ్ళకే భోజనం. అనని వాళ్ళకి లేదు.

హాస్యమనుకున్నాం. మర్నాడు నేను 'గో అండ్ కమ్' అన్నాను, ఆయన "వెళ్తున్నాం" అని తెలుగులో గొణిగారు. మధ్యాహ్నం బల్ల మీద ఒకటే కంచం. అందులో ఇద్దరికి సరిపడా కూర ఉంది, కాకపోతే కంచం ఒకటే. ఆ మర్నాడూ అంతే. ఆవిడ మొండి, ఆయన జగమొండి. రెండో ఆకు లేక ఇద్దరం ఒకే విస్తట్లో తిన్నట్టు తింటుంటే, ఆవిడ కిటికీలోంచి చూసేది.

"ఒక్క మాటేగా, అనేయకూడదూ? ముసలావిడ ముచ్చట తీరుతుంది" అన్నాను.

"ఊరికే అనే మాట కాదది" అన్నారు. "అన్నప్పుడు నిజంగా రావాలి. నువ్వు టీ పెట్టుకుని కూర్చున్నావు ఆ రోజు. అది నాకు గుర్తొస్తుంది."

ఆయన భయపడేది చావు గురించనుకున్నాను అన్నాళ్ళూ. ఇచ్చిన మాట తప్పినందుకు నొచ్చుకుంటున్నారని అప్పుడు తెలిసింది. "టీ పోతే పోయింది, మళ్ళీ పెట్టాను కదండీ. మీరు ఇంటికొచ్చిన రోజు" అన్నాను.

ఆ తర్వాత ఎక్కడికీ పోకుండా ఇంటి ముందున్న లివాడియా ఒడ్డునే గడిపాం. ఇక్కడ ఇసుక ఉండదు, నున్నటి గులకరాళ్ళు. ఒకరోజు పొద్దెక్కాక నేను గొడుగు కింద కునుకు తీస్తుంటే ఒళ్ళో ఏదో బరువుగా పడింది. కళ్ళు తెరిస్తే ఆయన గడియారం. ఆయన బూట్లు విప్పేసి, ప్యాంటు మడిచి, రాళ్ళ మీద కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉన్నారు.

"అది పట్టుకో" అన్నారు. "వెళ్ళొస్తా."

నర్సుగా అడగాల్సినవి బోలెడు నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ అడగలేదు. ఆయన మోకాళ్ళ లోతుకి, నడుం లోతుకి దిగి, ఒక్కసారి ముందుకి వాలి, నర్సాపురం కుర్రాడిలా చేతులు బారచాపారు. తిరిగి ఒడ్డెక్కేదాకా నేను ఆ గడియారం వైపు చూడలేదు, చూస్తే లెక్కపెడతానని. రొప్పుతూ వచ్చి పక్కన కూర్చుని "నీళ్ళు చల్లగా ఉన్నాయి" అన్నారు. జరిగిందంతా ఒక్క సముద్రం సంగతే అన్నట్టు. నేను మాత్రం తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని తనివితీరా ఏడ్చాను.

ఇంటికెళ్తే బల్ల మీద రెండు కంచాలు.

"అంత దూరం వినపడిందా అమ్మా?" అని అడిగాను.

"వినడమెందుకు? మేడ మీంచి చూశాను" అంది పోపిగారు. ఇంకో గరిటె నూనె పోసింది. ఈసారి నేను అడ్డుపడలేదు.

సెలవులైపోయి ఓడ ఎక్కే రోజు ఆవిడ రేవుకి వచ్చింది. ఆయన సూట్‌కేస్ కింద పెట్టి, చేతులు జోడించి, "వియ్ విల్ గో అండ్ కమ్" అన్నారు. ఆవిడ ఎంతో గంభీరంగా "లంచ్‌కేనా?" అంది. "లంచ్‌కే. ఏ రోజో మాత్రం చెప్పలేను" అన్నారాయన. ఓడ మలుపు తిరిగేదాకా ఆవిడ చెయ్యి ఊపుతూనే ఉంది.

విశ్రాంతి కోసమని అంత దూరం వెళ్ళాం. అది దొరికింది కూడా, గడియారం నా చేతికొచ్చాక. మన పెద్దలు ఆ మాటని అలవాటు చేసింది శకునం కోసమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వెళ్ళేవాడికి దారి చూపడానికి కాదు, వెనక ఉన్నవాళ్ళు పొయ్యి ఆర్పకుండా ఉండటానికని ఇప్పుడనిపిస్తోంది. తర్వాతి చలికాలం మంచు పడింది. పార జోలికి పోనివ్వలేదు, పక్కింటి వాళ్ళతో ఎత్తించాను. కారు అద్దం మాత్రం నేనే తుడుస్తానని గ్లవ్స్ తొడుక్కుని గుమ్మం దగ్గర ఆగారు. గడియారం విప్పి బల్ల మీద పెట్టి, "వెళ్ళొస్తా, టీ పెట్టు" అన్నారు. రెండు కప్పులు పెట్టాను. మరిగేలోపే వచ్చారు.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త. గులకరాళ్ళకి రబ్బరు చెప్పులు అవసరమే, అవి అక్కడ కూడా దొరుకుతాయి. నేను చెప్పేది వేరే. పోపిగారింట్లో దిగితే, గుమ్మం దాటేటప్పుడు అలవాటు కొద్దీ 'గో అండ్ కమ్' అనకండి. అంటే మాత్రం మధ్యాహ్నానికల్లా చేరండి. మేమింకా చేరలేదని, మా రెండు కంచాలూ కడిగి ఉంచమన్నామని ఆవిడతో చెప్పండి.