సకినాల మధ్య కొత్త తుంటి

ఒక పెళ్ళిని, డాక్టర్లు పెట్టిన కొత్త తుంటిని, గంపలకొద్దీ సకినాలను ఒకే పూటలో పాడుచేసినంత పని చెయ్యడం మామూలు మనిషి వల్ల కాదు. దానికి నాకున్నంత తెలివి ఉండాలి. ఇంతకీ ఆ పూట నేను చేసిన ఘనకార్యం ఏమిటంటారా? కూర్చున్నాను. అంతే. కూర్చోవడంలో కూడా ఇంత ప్రమాదం ఉంటుందని నాకంటే ముందు ఎవరూ కనిపెట్టి ఉండరు.

మాది పటాన్‌చెరు. మా ఆయన ప్రభుదాసు ఇక్కడి ఫ్యాక్టరీలో సేఫ్టీ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. అంటే ఫ్యాక్టరీ ఆయన్ను రిటైర్ చేసింది గానీ ఆయన కాలేదు. నా కుడి తుంటి అరిగిపోతే కీలు మార్చే ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. ఆ రోజే ఆయన మళ్ళీ డ్యూటీలో చేరాడు. మంచం నుంచి బాత్రూం దాకా నేల మీద పసుపుపచ్చ టేపులు అతికించి, "నీ వాకర్ గీ గీతల నడుమనే పోవాలె" అన్నాడు. ఇంట్లో ఉన్న పీటలన్నీ అటకెక్కించాడు. వంటగది తలుపు మీద పుర్రె, రెండు ఎముకలు ఉన్న బొమ్మ అతికించాడు.

"ఇదేందయ్యా! ఇంటికొచ్చినోళ్ళు నా కూరకు పెట్టినవనుకుంటరు."

"అనుకోనియ్యి. రెండు తీర్ల పనికొస్తది."

ఇక వ్యాయామం చేయించే శ్రావణి. వాళ్ళ నాన్న ఉద్యోగం కోసం ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి మా కాలనీలో స్థిరపడ్డాడు. పిల్ల మాట తేనె, పట్టు ఇనుము. "అమ్మా, నేల మీద కూర్చోకూడదు. ముందుకు వంగకూడదు. కాలు మీద కాలు వేసుకోకూడదు" అని రోజూ అప్పజెప్పేది.

"మరి ఇగ బతుకుడేమన్న ఉంటదా బిడ్డా?"

"ఉంటుందండీ. కుర్చీలో."

వాళ్ళ మాట వినకపోదును గానీ, మా ప్రిసిల్లా పెళ్ళి నిశ్చయమై ఉంది. ప్రిసిల్లా నా కూతురి కూతురు. తల్లి పోయినప్పటి నుంచి నా చేతుల్లోనే పెరిగింది. చర్చిలో పెళ్ళికూతురిని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని గుమ్మం నుంచి పాస్టరుగారి ముందు దాకా నడిపించుకు రావాలి కదా. "నన్ను అమ్మమ్మే నడిపిస్తది. లేకుంటే నేను గుమ్మం దాటను" అని అది అందరి ముందూ చెప్పేసింది. అందుకే వాకర్ వదిలి చేతికర్రతో నడిచే రోజు కోసం ఎదురుచూస్తున్నాను. ఎదురుచూడటమంటే ఎలా? ముత్తంగి దగ్గర కంటైనర్ లారీ వెనక ఇరుక్కున్న ఆటోలా. కదిలినట్టే ఉంటుంది, చూస్తే అదే లారీ, అదే వెనక బంపరు.

"యాభై దాటినంక బలపం పట్టి అక్షరాలు నేర్చినవ్. గప్పుడున్న ఓపిక ఇప్పుడేడ పోయింది?" అనేవాడు మా ఆయన.

"అక్షరాలు నన్ను మంచంల పండుకోమనలే" అనేదాన్ని.

పెళ్ళి దగ్గర పడింది. సారెలోకి సకినాలు చుట్టే రోజు వచ్చింది. తెలియనివారి కోసం చెబుతున్నాను: బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, ఆ తడిపిండిని వేళ్ళ మధ్య మెలితిప్పుతూ బట్ట మీద గుండ్రంగా చుట్టలు చుట్టాలి. తడి కాస్త ఆరాక ఎత్తి నూనెలో వెయ్యాలి. తొందరపడి ఎత్తారా, ముక్కలవుతాయి. ఈ పనిలో, నా నోటితో నేనే చెప్పుకోకూడదు గానీ, చెప్పుకుంటున్నాను, మా కాలనీలో నా తర్వాతే ఎవరైనా.

ఆ రోజు హాలు నిండా ధోవతులు పరిచారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. జోగిపేట నుంచి మా ఆయన అక్క, మా కమలమ్మ వదినె కూడా దిగింది. నన్ను హాలు మధ్యలో ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు సూపర్‌వైజర్‌వి. నోటితోనే పని" అని చెప్పి మా ఆయన సంగారెడ్డికి శుభలేఖలు పంచడానికి వెళ్ళాడు. ప్రిసిల్లా జాకెట్లు తెచ్చుకోడానికి టైలరు దగ్గరికి పోయింది. ఇంట్లో నన్ను ఆపే మనిషి లేదన్నమాట.

మా వదినె చుట్టిన మొదటి వరుస చూశాను. నా రక్తం ఉడికిపోయింది.

"వదినె, గివి సకినాలా, బిందె కింద పెట్టే సుట్టబట్టలా?"

"కుర్చీల కూసొని అందరు చెప్తరు, సుగుణా. చేతగానోళ్ళకు చెప్పుడే పని."

"నాకు చేతగాదా?"

"చేతనైతే చెయ్యి. ఎవలొద్దన్నరు?"

ఎవరొద్దన్నారో నాకు తెలుసు. ఒక డాక్టరు, ఒక శ్రావణి, ఒక ప్రభుదాసు, వంటగది తలుపు మీది పుర్రె. కానీ మగపెళ్ళివాళ్ళు గంప మీది గుడ్డ తీసి ఆ లావుపాటి చుట్టలు చూసి మూతులు తిప్పుకోవడం నా కళ్ళకు కట్టింది. "ఒక్కటంటే ఒక్కటి చుట్టి చూపిస్త. జెర పట్టుకోండ్రి" అన్నాను. అటొకరు ఇటొకరు చంకల కింద పట్టుకుంటే, కాలు చాచి మెల్లగా నేలకు దిగాను.

అబ్బ! ఆ చల్లని నేల తగలగానే నాకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. ఎన్నాళ్ళయింది మేమిద్దరం కలుసుకుని! చెయ్యి పిండిలో పెట్టానో లేదో, వేళ్ళు వాటంతటవే తిరిగాయి. సన్నగా, మెలికలు మెలికలుగా, చుట్టకూ చుట్టకూ మధ్య వెంట్రుక పట్టనంత దగ్గరగా. "అబ్బ, చెయ్యంటె నీదేనక్కా!" అన్నారు ఆడవాళ్ళు. పొగడ్త వినపడిన చోట ఒక్కదానితో ఆగిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

ఇక్కడే అసలు మూర్ఖత్వం ఉంది. సకినాలు చుట్టేవాళ్ళెవరైనా గోడ దగ్గర మొదలుపెట్టి, వరుస నిండగానే వెనక్కి జరుగుతూ గుమ్మం దగ్గర తేలతారు. పావడాలేసుకునే పిల్లకు కూడా తెలిసిన సంగతి. నాకు వెనక్కి జరిగే తుంటి లేదు. అందుకని కూర్చున్న చోటే ఉండి కుడివైపు నింపాను, ఎడమవైపు నింపాను, చాచిన కాళ్ళ చుట్టూ నింపాను. నా వెనక ఖాళీగా ఉన్న బట్టనంతా వదినె నింపింది. మిగతావాళ్ళు హాలు నాలుగు మూలల నుంచీ చుట్టుకుంటూ వచ్చారు. చుట్టడం ముగిసేసరికి తెల్లటి సకినాల సముద్రం మధ్యలో నేనొక దీవిలా తేలాను. నా వాకర్ దూరంగా ఒడ్డున ఉంది.

అప్పుడే స్కూటరు చప్పుడు.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి ఖాళీ కుర్చీని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆయన చెయ్యి మెడ దగ్గరికి పోయి, ఎప్పుడో ఫ్యాక్టరీలో ఇచ్చేసిన విజిల్ కోసం వెతికింది.

"ఎవ్వలు కదలద్దు!" అని అరిచాడు. కదిలేవాళ్ళెవరూ లేరక్కడ. "నువ్వు కిందెందుకున్నవ్?"

"కూసున్న."

"ఎట్ల లేస్తవ్?"

"గదే ఆలోచన చేస్తున్న."

ఆయన కాలెత్తాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా "సకినాలు!" అని కేక పెట్టారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే, చెరువులో కొంగలా నిలబడిపోయాడు.

"తమ్మీ, కాలు పెట్టినవో చూడు! పొద్దటి సంది నడుములు ఇరగ్గొట్టుకున్నం" అంది వదినె.

"అక్కా, మనిషి ముఖ్యమా, సకినాలు ముఖ్యమా?"

వదినె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది! నా కళ్ళారా చూశాను.

ఆయన శ్రావణికి వీడియో కాల్ చేసి ఫోన్ నా వైపు తిప్పాడు. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"అమ్మా, నొప్పిగా ఉందా? కాలు పక్కకి తిరిగినట్టుందా? పొట్టిగా అయినట్టుందా?"

"లేదు బిడ్డా. ఆకలైతుంది గంతే."

"అయితే వినండి. ముందుకు వంగకండి. వెనక్కి ఆనుకుని, కాళ్ళు చాచే ఉంచండి. సొంతంగా లేవడానికి చూశారంటే కీలు జారుతుంది. మళ్ళీ ఆపరేషనంటే పెళ్ళినాటికి మీరు మంచం మీదే ఉంటారు. బలమైన మనుషులిద్దరు కావాలి. నేను బయల్దేరుతున్నాను."

అప్పటిదాకా నాకూ నవ్వులాటగానే ఉంది. చర్చి గుమ్మంలో ప్రిసిల్లా ఒక్కతే నిలబడినట్టు కనబడగానే పిండి చేతులు చీరకు తుడుచుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. బలమైన మనుషులంటే మా మేడమీద కిరాయికి ఉండే మనోజ్, బిర్జూలే. బిహారు నుంచి వచ్చి ఫ్యాక్టరీలో డ్రమ్ములెత్తుతారు. వాళ్ళ షిఫ్ట్ ఇంకా అయిపోలేదు.

ఆనుకోవడానికని మా ఆయన గుమ్మంలోంచి దిండ్లు విసిరాడు. మొదటిది నాకు అందింది. రెండోది వదినె వరుస మీద పడింది. అమరులైన ఆ సకినాలకు వదినె పెట్టిన ఏడుపు కాలనీ చివరిదాకా వినిపించింది.

నేను దిండుకు ఆనుకుని, కదలకుండా, సకినాలు ఆరడాన్ని చూస్తూ కూర్చున్నాను. ఇంకేం చెయ్యను? కాసేపటికి ఉండబట్టలేక, "గా అంచుకున్నయి ఎత్తండ్రి, జల్దీ! తొవ్వ అయితది" అన్నాను.

వదినె నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్నేండ్ల సంది అందరికి ఏం చెప్తున్నవ్ సుగుణా? ఆరనిది ఎత్తితే ఇరుగుతదని. గది సకినానికేనా, నీ తుంటికి గాదా? నువ్వు ఆరినవా?"

మళ్ళీ దిండుకు ఆనుకున్నాను. నా జీవితంలో వదినె మాట ఒప్పుకున్న సందర్భం అదొక్కటే. ఆమె ముందు ఇంకోసారి ఒప్పుకోను కూడా.

నెమ్మదిగా తడి ఆరింది. ఒక్కో వరుస ఎత్తి నూనెలో వేస్తూ వచ్చారు. ఇల్లంతా నువ్వుల వాసన. బట్ట మీద దారి తెరుచుకునేసరికి శ్రావణి వచ్చింది, వెనకాలే మనోజ్, బిర్జూ షిఫ్ట్ దిగి వచ్చారు. శ్రావణి ఎక్కడ పట్టుకోవాలో చూపిస్తుంటే, మా ఆయన వాళ్ళ ఎదురుగా నిలబడి క్రేను నడిపేవాళ్ళకు చేసే సైగలు మొదలుపెట్టాడు. పైకి, ఆగు, ఎడమకు, మెల్లగా.

"చాచాజీ, హాథ్ నీచే కరో. కుర్సీ దిఖ్ నహీ రహీ" అన్నాడు మనోజ్. ఆయన చేతులు అడ్డమై కుర్చీ కనబడటం లేదట.

ఇద్దరూ నన్ను వంగనివ్వకుండా ఎత్తి కుర్చీలో దించారు. డ్రమ్ముల్ని కూడా ఇంత గౌరవంగా ఎత్తరేమో! ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. కీలు ఉన్నచోటే ఉంది. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సకినాలా?" అని ఒక్కమాట అడిగాడు. దానికంటే తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత శ్రావణి నిలబడమంటే నిలబడ్డాను, ఆగమంటే ఆగాను. చేతికర్ర ఇచ్చిన రోజు, "తొందరపడకండి, ఒక అడుగు పూర్తయ్యాకే ఇంకో అడుగు" అంది. అలాగే వేశాను.

పెళ్ళిరోజు ఒక చేత్తో కర్ర, ఇంకో చేతిలో ప్రిసిల్లా చెయ్యి. పాట మొదలైంది, మేం కదిలాం. అడుగు, ఆగడం, అడుగు. పాట అయిపోయింది. మేం సగం దూరంలో ఉన్నాం. పాటల బృందం వాళ్ళు ముఖాలు చూసుకుని మళ్ళీ మొదటి నుంచి అందుకున్నారు. "అమ్మమ్మా, నొస్తుందా?" అంది ప్రిసిల్లా. "లేదు బిడ్డా. నిన్ను జల్దీ అప్పజెప్ప బుద్ధైతలేదు" అన్నాను. అది ఏడ్చింది, నేను నవ్వాను. పాస్టరుగారి ముందుకు చేరేసరికి చర్చి మొత్తం లేచి నిలబడి ఉంది.

భోజనాల దగ్గర మగపెళ్ళివారి పెద్దావిడ నా పక్కకు వచ్చి, "ఎంత నిమ్మళంగ తోల్కొచ్చినవ్ అక్కా, పానం సల్లబడ్డది! గట్ల నడుచుడు మీ దిక్కు రివాజా?" అని అడిగింది.

"అవునక్కా. మా తాతల నాటి సంది గంతే" అన్నాను, కళ్ళార్పకుండా.

ఆ మాట ఎలా పాకిందో గానీ, ఇప్పుడు మా చర్చిలో ఏ పెళ్ళయినా పెళ్ళికూతురిని అడుగు అడుగుకీ ఆగుతూ తీసుకొస్తున్నారు. తుంటి బాగున్నవాళ్ళు కూడా! పాటలవాళ్ళు పాటను రెండుసార్లు పాడటం అలవాటు చేసుకున్నారు. పాస్టరుగారు మాత్రం గడియారం చూసుకుంటూ ఈ ఆచారం ఎవరు తెచ్చారా అని ఆశ్చర్యపోతుంటారు.

కాబట్టి దేవుని ఎదుట, సంఘము ఎదుట, సకినాలు తిన్న వారందరి ఎదుట సుగుణమ్మ అను నేను చేయు ప్రమాణమేమనగా: ఈ కుర్చీని కలిమిలోను లేమిలోను, వ్యాధిలోను ఆరోగ్యములోను, మా వదినె ఎంత లావుగా చుట్టినను, మరణము మమ్మల్ని వేరుచేయు వరకు విడిచి దిగను.