టైపమ్మ తీర్పు

కోర్టుకు ఎదురుగా, మూడో అంతస్తులో, ఒక ప్లీడరు గారి ఆఫీసుంది. ఆ ఆఫీసులో కిటికీ పక్కన కూర్చుని ఇరవై రెండేళ్లుగా అర్జీలు కొడుతున్న ఆవిడను అందరూ టైపమ్మ అనే పిలుస్తారు. టైపు మిషను పోయి కంప్యూటర్ వచ్చి ఎన్నేళ్లయినా ఆ పేరు మాత్రం పోలేదు. సొంత పేరు ఒకటుండాలి కదా, ఉంది. ప్లీడరు గారినే అడిగినా ఒక నిమిషం ఆలోచించి గానీ చెప్పలేడు.

ఆవిడ పని ఇది. కక్షిదారు వచ్చి గోడు వెళ్లబోసుకుంటాడు, ప్లీడరు గారు అటూ ఇటూ తిరుగుతూ చెబుతాడు, ఆవిడ కొడుతుంది. ఏ అర్జీ అయినా మొదలు ఒకటే: "వినయపూర్వకంగా మనవి చేసుకొనునది ఏమనగా". చివర కూడా ఒకటే: "కావున గౌరవనీయ న్యాయస్థానం వారు దయతో పరిశీలించి తగిన ఉత్తర్వులు దయచేయవలసిందిగా ప్రార్థన". మధ్యలో ఎవరి ఏడుపు వాళ్లది. ఆ రెండు వాక్యాలూ ఆవిడకన్నా ముందు ఆవిడ వేళ్లకు కంఠతా వచ్చేశాయి.

నోట్లో నాలుక లేని మనిషని ఆవిడకు పేరు. ఆ నాలుక లేకపోవడం వల్లే ఒకసారి ఒకామె కేసు పోయింది. ఇల్లు ఖాళీ చేయమని ఇంటి యజమాని ఆమె మీద వేసిన దావాలో, ముందు ఇవ్వాల్సిన నోటీసు దావా వేశాక ఇచ్చాడు. తారీఖులు రెండూ టైపమ్మ చేతి మీదుగానే పోయాయి. చూసింది, ఆగింది, 'ఇంత పెద్దవాళ్లకు తెలియకుండా ఉంటుందా' అనుకుని కొట్టుకుంటూ పోయింది. ఎవరికీ తెలియలేదు. తీర్పు విన్నాక ఆ కక్షిదారు ఆఫీసు మెట్లు దిగుతూ, "మీరు మాత్రం చక్కగా టైపు చేశారమ్మా" అని మెచ్చుకుని మరీ వెళ్లింది. టైపమ్మకు ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. అప్పటికి ఆవిడ వయసు నలభై మూడు. లా చదవాలని ఆ రోజే అనుకుంది.

ఊళ్లో లా కాలేజీకి ఒక నియమముంది. నలభై అయిదు దాటితే సీటివ్వరు. ప్రవేశ పరీక్ష ఏడాదికొకసారి. అంటే ఆవిడకు ఉన్నవి రెండే అవకాశాలు. డిగ్రీ ఎప్పుడో పెళ్లికి ముందే అయింది కాబట్టి ఆ బెంగ లేదు.

మొదటి ఏడాది చదువు చూస్తే ముచ్చటేసేది. లిఫ్టులు బాగుచేసే భర్త పనికి పోతూ ప్రశ్నల పుస్తకం మధ్యలో తెరిచి ఒక ప్రశ్న అడిగేవాడు, ఆవిడ కూర తిప్పుతూ జవాబు చెప్పేది. "నేను రోజూ జనాన్ని పైకి పంపేవాణ్ణే. ఇంట్లో మనిషిని పంపలేనా?" అని ఆయన ధీమా. పరీక్షలో టిక్కులు పెట్టే భాగం ఉఫ్‌మని ఊదేసింది. రెండో భాగంలో ఒక తగాదా ఇచ్చి, ఎవరిది న్యాయమో రాయమన్నారు. రిపేరుకిచ్చిన సైకిలు కోసం ఆరు నెలలు రాని ఆసామి, విసిగిపోయి దాన్ని అమ్మేసిన కొట్టువాడు. ఆవిడ ఆరు పేజీలు రాసి, అందరికన్నా ముందు లేచి బయటికొచ్చింది.

ఫలితాల్లో పేరు లేదు. కాలేజీకి వెళ్లి కాగితం చూపించమంటే గుమస్తా చూపించాడు. టిక్కుల్లో వందకు ఎనభై ఒకటి. తగాదాకు వందకు పదకొండు. కనీసం నలభై రావాలి. ఆరో పేజీ కింద ఎర్ర సిరాతో ఎవరో రాశారు: "అర్జీ చక్కగా ఉంది. జవాబు ఏది?"

ఆవిడ మొదటి పేజీకి వెళ్లి చూసుకుంది. "వినయపూర్వకంగా మనవి చేసుకొనునది ఏమనగా". సైకిలు ఆసామి తరఫున ఆరు పేజీలు మొర పెట్టుకుని, తగిన ఉత్తర్వులు దయచేయమని పరీక్ష దిద్దే మాస్టారినే ప్రార్థించి వచ్చింది! ఇంతటి ఘనకార్యం ఇంకో మనిషి వల్ల కాదు.

"పోనీలెండి," అన్నాడు ప్లీడరు గారు. "ఈ వయసులో ఎందుకా తలనొప్పి? మీ చేతిలో ఉన్న పని బంగారం." ఆవిడ అలాగేనండి అంది. అని, బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఇంట్లో అత్తగారు మాత్రం సంగతంతా విని పడీపడీ నవ్వింది. డెబ్భై నాలుగేళ్ల మనిషి, నోరు విప్పితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. నవ్వు తగ్గాక కళ్లు తుడుచుకుని అడిగింది.

"అయితే ఇంతకీ సైకిలు ఎవరిదే?"

"ఇద్దరి వైపూ కొంత ఉందత్తయ్యా..."

"అది కాదు నేనడిగింది. ఎవరిది?"

టైపమ్మ మళ్లీ ఆసామి రాని ఆరు నెలల దగ్గర్నించి మొదలుపెట్టింది. అత్తగారు మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"ఇదీ నీ జబ్బు. ఇరవై రెండేళ్లు ఊళ్లోవాళ్ల తరఫున దండాలు పెట్టి పెట్టి, నీకంటూ ఒక మాట లేకుండా పోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రేపట్నించి ఈ ఇంట్లో తగాదాలన్నీ నువ్వే తీర్చాలి. మాకు తగాదాలకేం కొదవ?"

నిజమే, ఆ తల్లీకొడుకులు నిద్రలో తప్ప అన్నివేళలా ఏదో ఒకదానికి పోట్లాడుకుంటూనే ఉంటారు. మర్నాడే ఫ్యాను కేసు వచ్చింది. కొడుక్కి గిర్రున తిరగాలి, తల్లికి మెల్లిగా తిరగాలి. టైపమ్మ ఇద్దరి మాటా విని, "కాస్త సర్దుకుపోండి" అంది.

"ఛీ, ఇది తీర్పా? తప్పించుకోవడం. కొట్టేశాను," అంది అత్తగారు.

అలా ఎన్ని కేసులు కొట్టేసిందో లెక్కలేదు. తడి తువ్వాలు కుర్చీ మీద వేసిన కేసు, పేపరు ముందు ఎవరు చదవాలన్న కేసు. భర్త అయితే మరీ సంబరపడిపోయి, పనిలోంచి వస్తూ వస్తూనే కొత్త ఫిర్యాదు ఆలోచించుకుని వచ్చేవాడు. మెల్లిమెల్లిగా టైపమ్మకు నాలుక మొలిచింది. "ఫ్యాను మూడు మీద ఉంటుంది. ఎందుకంటే..." అని మొదలుపెట్టడం నేర్చుకుంది. ఆ మొదటిసారి చెప్పినప్పుడు చెమటలు పట్టాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తర్వాత రేడియో కేసు వచ్చింది. అత్తగారు తెల్లవారుజామున అయిదింటికి రేడియో పెడుతుంది. పెట్టడమంటే మామూలుగా కాదు, గోడలు అదిరేలా. కొడుకు ఆ నెలంతా రాత్రి డ్యూటీ చేసి నాలుగింటికి వచ్చి పడుకుంటున్నాడు. ఈసారి ఆయన సరదాకు ఫిర్యాదు చేయలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. టైపమ్మ ఒక పూటంతా ఆలోచించి చెప్పింది.

"రేడియో ఏడింటి తర్వాతే. రాత్రంతా పని చేసుకొచ్చేది ఆయన. నిద్ర లేకపోతే ఎత్తులో తిరిగే మనిషికి ప్రమాదం. వార్తలు ఏడింటికి కూడా వస్తాయి."

అత్తగారు ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు పలకలేదు. ఇల్లంతా బిక్కుబిక్కుమంది. "పోనీ ఆరు చేయనా?" అని టైపమ్మ భర్తను అడిగింది. "చేశావంటే నేను అప్పీలుకు పోతా," అన్నాడాయన, ఆవలిస్తూ.

మూడో రోజు పొద్దున అత్తగారే వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చుంది.

"తీర్పు సరైనదే. కానీ అన్యాయంగా చెప్పావు."

"అదేంటత్తయ్యా?"

"నేనెందుకు గట్టిగా పెడతానో ఎక్కడైనా చెప్పావా? నాకు చెవుడొస్తోందే అమ్మాయ్. ఏడాదిన్నరైంది. తక్కువ పెడితే వినపడదు. పొద్దున్నే వీధిలో రొద ఉండదు కాబట్టి ఆ కాస్తా వినపడుతుంది. ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గేసింది." ఎప్పుడూ వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతు ఇప్పుడు పొయ్యి దాటలేదు. "నన్ను ఓడించు, పర్లేదు. కానీ ముందు నా మాట నాకన్నా బాగా చెప్పి, అప్పుడు ఓడించు. ఓడినవాళ్లకు అదొక్కటేగా మిగిలేది."

టైపమ్మ గరిటె కింద పెట్టేసి అత్తగారి పక్కన నేల మీద కూలబడింది. ఇంట్లో ఉంటూ ఏడాదిన్నర నుంచి తెలుసుకోలేకపోయినందుకు సిగ్గుపడింది, ఆవిడ చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ వారమే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మిషను పెట్టించుకున్నాక అత్తగారు చేసిన మొదటి ఫిర్యాదు, కోడలు గిన్నెలు మరీ చప్పుడు చేస్తూ తోముతోందని.

రెండో ఏడాది పరీక్ష వచ్చింది. ఇక తాడో పేడో తేలిపోవాలి. ఇది పోతే ఆవిడ జన్మంతా ఆ కిటికీ పక్కనే. గదిలో చుట్టూ ఇరవై రెండేళ్ల పిల్లలు పెన్నులు తిప్పుకుంటున్నారు. టిక్కుల భాగం అయింది. తగాదా ఇలా ఉంది: ఒక ముసలాయన తన కుట్టుమిషను పక్కింటివాడికి వాడుకోమని ఇచ్చాడు. పక్కింటివాడు ఏడేళ్లు దాని మీదే బతికాడు, రెండుసార్లు సొంత ఖర్చుతో బాగుచేయించాడు. ఇప్పుడు ముసలాయన తిరిగి ఇమ్మంటున్నాడు. మిషను ఎవరిది?

ఆవిడ మనసు ఒక్కసారిగా పక్కింటివాడి వైపు దూకింది. చెయ్యి ఊరుకుంటుందా? చూసుకునేసరికి కాగితం మీద "వినయపూర్వకంగా" అని రాసి ఉంది! ఆ మాటను అడ్డంగా కొట్టేసి, పెన్ను కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. గడియారం నడుస్తోంది. ముందు పక్కింటివాడి మాట రాసింది. ఏడేళ్ల చెమట, బాగుచేయించిన ఖర్చు, రేపు పొయ్యి వెలగదన్న భయం, అతను పక్కనే నిలబడి చదివినా ఇంకేం కలపక్కర్లేదనేంతగా. తర్వాత ముసలాయన మాట రెండు పేరాల్లో రాసింది. ఆపైన కొత్త లైనులో, పెద్ద అక్షరాలతో: "మిషను ముసలాయనదే." వాడుకోమన్నవాడు ఇచ్చేశానని ఎక్కడా అనలేదు, ఎన్నేళ్లు వాడుకున్నా అరువు అరువే. బాగుచేయించిన ఖర్చు ముసలాయన ఇవ్వాలి, వేరే మిషను చూసుకోవడానికి మూడు నెలలు గడువు కూడా ఇవ్వాలి. అంతే. ఎవర్నీ ఏమీ ప్రార్థించలేదు. మూడు పేజీలకే అయిపోయింది.

ఈసారి జాబితాలో పదిహేడో పేరు ఆవిడది. తగాదాకు డెబ్భై ఎనిమిది. భర్త ఆ జాబితాను ఫోటో తీసి తన లిఫ్టులన్నింటిలో అంటిస్తానని బయల్దేరితే ఆపడానికి అత్తాకోడళ్లిద్దరూ పూనుకోవాల్సి వచ్చింది.

కానీ కాలేజీ పొద్దుటి పూట. ఆఫీసులో ఉరుకులు పరుగులు కూడా పొద్దుటి పూటే. చేరడానికి గడువు మర్నాటితో ఆఖరు. టైపమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని ప్లీడరు గారికి ఒక అర్జీ మొదలుపెట్టింది. రెండు మాటలు కొట్టి, చెరిపేసి, లేచి నేరుగా గదిలోకి వెళ్లింది.

"పదింటికల్లా మీకు కాగితాలు కావాలి. నేను లేకపోతే కోర్టులో మాటపడేది మీరు. ఇరవై మూడేళ్లు నన్ను నమ్ముకున్నారు, ఇప్పటికిప్పుడు ఇంకొకరు దొరకరు. ఇదంతా నిజమేనండి. అయినా రేపట్నించి పొద్దున నేను కాలేజీకి వెళ్తాను. మధ్యాహ్నం రెండింటి నుంచి పనిచేస్తాను. మర్నాటి కాగితాలు ముందురోజే సిద్ధం చేస్తాను."

ప్లీడరు గారు కళ్లద్దాలు తీశాడు. "నేను ఒప్పుకోకపోతే?"

"అయితే మానేస్తానండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మడానికి ఆవిడకు క్షణం పట్టింది. ఆయనకు అంతకన్నా ఎక్కువే పట్టింది. కాసేపు బల్ల మీది కాగితాలు అటూ ఇటూ జరిపి, చివరికి నవ్వేశాడు. "నా వాదనంతా మీరే చెప్పేస్తే నేనింకేం మాట్లాడను? రెండింటికే రండి."

మర్నాడు కాలేజీలో చేరే పిల్లలతో, వాళ్ల వెనక తల్లిదండ్రులతో వరస గేటు దాటిపోయింది. టైపమ్మ వంతు వచ్చేసరికి గుమస్తా తలెత్తకుండానే దరఖాస్తు అందుకున్నాడు. నెరిసిన జుట్టు కంటపడి ఒకసారి పైకి చూశాడు.

"ఎవరి తరఫున వచ్చారమ్మా? అబ్బాయా, అమ్మాయా?"

"నా తరఫునే వచ్చానండి," అంది ఆవిడ, వరసలో చివరివాళ్లకు కూడా వినబడేంత గట్టిగా.