అడ్డ మీద చెప్పవలసిన మాట

పోయిన వారం మా మేనల్లుడి కొత్త బండి ముత్తంగి దగ్గర మొరాయిస్తే వాడితోపాటు నేనూ షెడ్డుకు వెళ్లాను. మరక అంటని చొక్కా వేసుకున్న కుర్రవాడొకడు స్టీరింగు కింద ఏదో తీగ గుచ్చి, అరచేతిలో పట్టే పెట్టె వంక చూసి, ఫలానా భాగం పోయిందని తేల్చేశాడు. బానెట్ ఎత్తలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరినీ అనుమానించలేదు. మేనల్లుడు మురిసిపోయాడు. నాకు మాత్రం ముప్పై ఏళ్ల కింద ఇదే ముత్తంగిలో ఇలాంటి రోగానికే నేను చేసిన వైద్యం గుర్తొచ్చింది.

అప్పట్లో మా బోర్లు ఎండిపోయి, ఊళ్లో సగం మంది ఫ్యాక్టరీల బాట పట్టారు. నేనూ వ్యవసాయం పక్కన పెట్టి, పాత డీజిల్ పికప్ వ్యాను ఒకటి కొని, కాజీపల్లిలోని ఒక మందుల ఫ్యాక్టరీకి ఖాళీ డ్రమ్ములు మోసే కిరాయికి పెట్టాను. దాన్ని నడిపేవాడు మా ఇంట్లో జీతం చేసినాయన కొడుకు, ఊరి వరసకు నాకు మామ. నాకు సైకిలు నేర్పింది ఆయనే, తర్వాత స్టీరింగు పట్టడం నేర్పిందీ ఆయనే.

ఆ బండికి ఒక ఏడాది వింత జబ్బు పట్టుకుంది. నిలబడి ఉంటే ఇంజను చక్కగా ఆడేది, మెల్లగా పోతే ఏ పేచీ లేదు. బొంబాయి రోడ్డెక్కి, వెనక లారీ హారన్ కొడుతుంటే ఎక్సిలేటర్ గట్టిగా తొక్కామా, ముందుకు దూకవలసింది కాస్తా నీరసించి, నల్లటి పొగ కక్కి, కాలు తీస్తే గాని తేరుకునేది కాదు. ఒకనాడు రోడ్డు దాటుతూ నడిమధ్యన అలాగే ఆగబోతే, లారీ ఒకటి మా వెనక రేకును గీసుకుంటూ పోయింది. పక్క సీట్లో ఉన్న నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

సంగారెడ్డిలో పేరున్న మిస్త్రీ సాబు దగ్గరికి మూడుసార్లు తీసుకుపోయాం. డీజిల్ ఫిల్టర్ మార్చాడు, నాజిళ్లు కడిగించాడు, గాలి ఫిల్టర్ కూడా కొత్తది వేశాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి పెట్టి తెచ్చిన ఎర్ర రవికె గుడ్డను మా అమ్మ మొదట బండి ముందు జాలీకి కట్టింది, కడిగేటప్పుడు దానికి కాలు తగులుతోందని తర్వాత దగ్గరుండి బానెట్ లోపల కట్టించింది. నూనె చేతులతో ముట్టుకోగూడదని మిస్త్రీ సాబు బానెట్ ఎత్తగానే ముందు దాన్ని మామ చేత విప్పించేవాడు. పని అయ్యాక మామ కళ్లకద్దుకుని మళ్లీ కట్టేవాడు. షెడ్డులో ఎంత రేస్ చేసినా ఇంజను తడబడలేదు. చివరికి ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఇంజన్ల ఖరాబేం లేదు పటేల్ సాబ్, డీజిల్ల ఏమన్న కలుస్తుందేమో జెర చూసుకోండ్రి" అన్నాడు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. డీజిల్ పోయించేది మామే, పొద్దుగూకాక బండి నిలిచేదీ మామ ఇంటి ముందే. డీజిల్ తీసి అమ్ముకుని కిరోసిన్ కలిపే డ్రైవర్ల కథలు ఆ దారిలో ఎన్నో వినేవాళ్లం. మా ఉప్పు తిన్నవాడే ఇంత పని చేశాడా అనుకున్నాను, ఆ మాట తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మర్నాడు ముత్తంగిలో కిరాయి బండ్ల అడ్డ మీద, డ్రైవర్లంతా చాయ్ తాగుతుండగా, కిరోసిన్ కలుపుతున్నావా అని మామను నిలదీశాను.

"గ్యాసునూనె గలిస్తే తెల్లపొగ రావాలె పటేలా, గిది నల్లగ కక్కుతున్నది. దీనికి గాలి అందుతలేదు, గంతే" అన్నాడు మామ.

గాలి ఫిల్టర్ కొత్తది వేయించినవాణ్ని నేను, నాకే పాఠం చెబుతాడా అని రోషం వచ్చింది. అందరూ వింటుండగా డీజిల్ దొంగ అన్నాను. మామ తాళంచెవి చాయ్ బల్ల మీద పెట్టి, తువ్వాల భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ ఓనరూ ఆయనకు స్టీరింగు ఇవ్వలేదు. నలభై దాటిన వయసులో కాజీపల్లిలో డ్రమ్ములు ఎత్తే కూలీగా చేరాడు.

దసరాకు అమ్మ, గుడ్డ వెలిసిపోయింది, కొత్తది కడదామని పాతది విప్పించింది. బండి నేనే నడిపాను, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాకా ఎక్కడా తడబడలేదు. అమ్మవారి దయ అని ఇద్దరం దండం పెట్టుకున్నాం. బండికి కొత్త గుడ్డ కట్టి తిరిగి వస్తూ గట్టిగా తొక్కగానే మళ్లీ అదే నీరసం, అదే నల్లపొగ. పక్కకు ఆపి, మొదటిసారిగా ఆ గుడ్డ విప్పకుండానే బానెట్ ఎత్తి ఇంజను రేస్ చేశాను. గుడ్డ కొస గాలికి లేచి, ఫిల్టర్‌కు గాలి తీసుకునే గొట్టం మూతికి అతుక్కుపోయింది. ఇంజను ఉక్కిరిబిక్కిరైంది. రేస్ తగ్గించగానే కొస జారి, ఏమీ ఎరగనట్టు వేలాడింది.

ఏమైంది బిడ్డా అని ముందు సీట్లోంచి అమ్మ అడిగింది. ఏం లేదమ్మా అన్నాను.

ఆ సాయంత్రమే కాజీపల్లి వెళ్లి మామకు అంతా చెప్పాను. "ప్రతిసారి కట్టింది నేనే గద" అన్నాడు తనలో తాను. తర్వాత నా వైపు తిరిగి, "దొంగను గానని నాకెర్కనే పటేలా, నాకెందుకు చెప్తున్నవ్? అడ్డ మీద చెప్పు" అన్నాడు.

చెబుతానన్నాను. మర్నాడు అడ్డకు వెళ్లి చాయ్ తాగి వచ్చేశాను. అమ్మ కట్టిన గుడ్డకు మాట వస్తుందని నాకు నేను చెప్పుకున్నాను గాని, అసలు సంగతి అది కాదు, అంతమంది ముందు తల దించడం నాకు చేతకాలేదు. ఇవాళ, రేపు అంటూ ఏళ్లు గడిచాయి. మామ పోయిననాడు అత్త చెప్పింది, ప్రతి సెలవునాడూ ముత్తంగి అడ్డకు పోయి, ఎవరన్నా పిలుస్తారేమోనని కాసేపు నిలబడి వచ్చేవాడట.

కుర్రవాడి చేతిలో పెట్టె చూసి, ఇది ఆనాడే ఉంటే ఎంత బాగుండేదని మేనల్లుడితో అనబోయి ఊరుకున్నాను. పెట్టె లేకపోయినా మామ చెప్పనే చెప్పాడు కదా, గాలి అందడం లేదని. విననిది నేను. ఇప్పుడు అక్కడ రింగు రోడ్డు వచ్చింది, గోదాములు లేచాయి, అడ్డ లేదు, చాయ్ బల్ల లేదు, ఆ డ్రైవర్లు ఎటు పోయారో తెలియదు. నా ఈడువాళ్లలో ఆనాడు అక్కడ చాయ్ తాగుతూ నా మాట విన్నవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, ఈ ముక్క మీ కోసమే రాస్తున్నాను. మామ డీజిల్ తియ్యలేదు.